మూత లేని పళ్ళెం

గోబ్నెట్ ఐర్లండు పడమటి తీరాన, కొండవాలులోని ఒక రాతి ఇంటికి పందొమ్మిదవ యేట కోడలై వచ్చింది. ఆమె ఇరవై యెనిమిదవ యేట, ఫిబ్రవరి గాలివానలో, భర్త కోల్మన్ చేపల వేటకు వెళ్ళిన పడవ బోర్లపడి ఒడ్డుకు కొట్టుకువచ్చింది. కోల్మన్ రాలేదు.

శవం దొరకలేదు గనుక కుమారుడు పోయినాడని అత్తగారు పెగ్ ఒప్పుకొనలేదు. ఏ ఓడవారో ఎక్కించుకొని ఉంటారని ఆమె వాదం. ఆమె ఆజ్ఞ మేరకు గోబ్నెట్ ప్రతి సాయంకాలమూ భర్త వంతు బంగాళాదుంపలు పళ్ళెంలో పెట్టి, చల్లారకుండా మరొక పళ్ళెం బోర్లించి, పొయ్యి పక్కన ఉంచేది. తెల్లవారి ఆ చద్ది తానే తినేది. ఏడుపు రాలేదు. రానందుకు ఆశ్చర్యమూ కలుగలేదు.

అక్టోబరు ఆఖరి దినాన సౌవిన్ పండుగ వచ్చింది. చివరి చాలు దుంపలు తవ్వి గోబ్నెట్ ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. పంట ఇల్లు చేరిన ఆ రాత్రి ఇంటి మృతులు భోజనానికి వస్తారు. వారి చేతులకు మూత లేపే బలముండదు గనుక వారి పళ్ళేలను మూత లేకుండా బల్లమీద పెట్టి, తలుపు గడియ తీసి ఉంచుతారు.

పొరుగింటి మాసీ గుమ్మంలో నిలిచి, "ఏం పెద్దమ్మా, వెన్న బాగా దట్టించావా? కిందటేడు మా తాత ఇక్కడ తినేసి, మా ఇంటికొచ్చి మళ్ళీ తిన్నాడు" అన్నాడు.

"బతికున్నప్పుడూ రెండిళ్ళ కూడు తిన్నోడేగా! వెన్న వాసనకి నువ్వొచ్చినట్టే" అన్నది పెగ్.

మాసీ నవ్వాపి, "కోల్మన్‌కి బల్లమీద పెట్టరా?" అని అడిగాడు.

"నోర్ముయ్. వాడిది పొయ్యి పక్కనే. ఎప్పట్లాగే."

అతడు తలదించుకొని వెళ్ళిపోయాడు.

గోబ్నెట్ ఏనాడో పోయిన మామగారి పళ్ళెం మూత లేకుండా బల్లమీద పెట్టింది. కోల్మన్ పళ్ళెంపై మూత బోర్లించి, దానిని పట్టుకొని అలాగే నిలబడింది.

"అత్తయ్యా, ఒకవేళ ఆయన ఈ రాత్రే వస్తే, మూత తీసుకోలేరు" అన్నది, వాన పడుతున్నదని చెప్పినట్లు. "ఆకలితోనే వెనక్కి పోతారు."

పొయ్యిలో విరిగిపడిన నిప్పుపెళ్ళను పెగ్ లోపలికి నెట్టి, చేయి చాచింది.

"ఇటు తే."

మూత తానే లేపి, పళ్ళేన్ని భర్త పళ్ళెం పక్కన పెట్టింది.

"ఉప్పు ఇంకాస్త వెయ్యవే. వాడికి ఉప్పు చాలకపోతే గొణుగుతాడు."

గోబ్నెట్ ఉప్పు వేసింది.

మృతులకు పెట్టినది మనుషులు తినరాదు. తెల్లవారి గోబ్నెట్ రెండు పళ్ళేల దుంపలనూ పంది తొట్టిలో కుమ్మరించి, పళ్ళేలు కడిగి బోర్లించింది. తొమ్మిది నెలలుగా తిన్న చద్ది ఆ ఉదయం లేక, తాను ఏమి తినవలెనో తోచక, చేతులు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడింది.