మూడో బొత్తాం నీలం

జట్కా మా ఇంటి ముందు మలుపు తిరుగుతుంటే పెళ్ళికొడుకు ఒక పక్కకు ఒరిగాడు. అప్పుడు అతని కోటు మూడో బొత్తాం నా కంటబడింది. మిగతావన్నీ గోధుమరంగు, అదొక్కటే నీలం. ఆ నీలం బొత్తాం కుట్టింది నేను.

మా ఆయన నా పక్కనే అరుగు మీద ఉన్నారు. సన్నాయి వినబడితే చేతిలో పేపరు పడేసి వీధిలోకి వచ్చే మనిషి ఆయన. మండువేసవి మధ్యాహ్నం, నరసరావుపేట స్టేషనులో దిగిన మగపెళ్ళివారిని విడిదికి తీసుకుపోతున్నారు. బూడిదరంగు సూటులో పెళ్ళికొడుకు చెమటకు నిగనిగలాడుతున్నాడు.

"సూటు బాగుందే," అన్నారు మా ఆయన. "నాదీ అట్లాంటి బట్టే గదా."

"ఎక్కడ? మీది ఇంకాస్త ముదురు."

"ఆ బొత్తాం చూడు. ఇంకా పెళ్ళే కాలేదు, అప్పుడే నీలాగా చేతికందిన బొత్తాం కుట్టేది ఎవరో దొరికింది పాపం."

నవ్వాలి గనుక నవ్వాను.

తన సూటు పెట్టెలో భద్రంగా ఉందని ఆయన నమ్మకం. పది రోజుల కిందట దాన్ని ఎండకు వేద్దామని తీసి మంచం మీద పరిచాను. ఆ రోజు శనివారం. తలకు ఆముదం పట్టించి వదిలిన మా చిన్నది వెళ్ళి దాని మీదే హాయిగా నిద్రపోయింది. లేచేసరికి కోటు వీపున దాని తల, చెవితో సహా, అచ్చుపడి ఉంది. ఊడిపోయిన మూడో బొత్తాం చోట ఇంట్లో ఉన్న నీలంది కుట్టి, ఆయనకు చెప్పకుండా సూటును మా బట్టలుతికే పెద్దమ్మకు ఇచ్చాను. ఉతకడానికి వేసిన మంచి బట్టలను అడిగినవాళ్ళకు ఒక పూట కట్టుకోనివ్వడం మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. మా పొరుగావిడ పట్టుచీర ఎవరిదో పేరంటంలో కనబడినప్పుడు నేనూ నవ్వినదాన్నే.

కాని తెల్లవారితే ఆ సూటు వేసుకుని ఆయన చిలకలూరిపేట వెళ్ళాలి. యుద్ధం రోజుల్లో పెట్టిన ఆఫీసును యుద్ధం కాగానే ఎత్తేశారు, ఆయన ఉద్యోగమూ దానితోనే పోయింది. ఏడు నెలలుగా ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడొక పత్తిమిల్లువాళ్ళు పది గంటలకు వచ్చి కనబడమని రాశారు. ఆ సూటు మా పెళ్ళికి మా నాన్న గుంటూరులో కుట్టించినది. మొదటి ఉద్యోగానికి అది వేసుకునే వెళ్ళారు, వచ్చింది. రెండోదీ అట్లాగే వచ్చింది. వాళ్ళు ఉద్యోగమిస్తున్నది ఆయనకా, సూటుకా అని నాకు లోపల అనుమానం.

కరివేపాకు తెస్తానని చెప్పి పెద్దమ్మ ఇంటికి పరుగెత్తాను.

"పెద్దమ్మా, సూటేది?"

"ఏందమ్మా ఆ ఉరుకులాట. ఉతకటం అయింది, ఇస్త్రీ అయింది. ఇప్పుడు ఒంటిమీదుంది."

"అది చూసే వచ్చాను."

"వాళ్ళ ఊళ్ళో బట్టలుతికే మా చెల్లెలు నిన్న వచ్చి పట్టుకుపోయింది. చానా నప్పిందంట ఆ పిల్లోడికి. లాగు మాత్రం కాస్త పొడుగైతే లోనకి మడిచి పిన్నులు పెట్టిందంట."

"రేపు పొద్దున ఆయన వేసుకోవాలి."

"ఎల్లుండి ఏసుకోమను."

"ఎల్లుండికి ఆ ఉద్యోగం వేరేవాళ్ళకు పోతుంది పెద్దమ్మా."

ఆమె చేతిలో బట్టలమూట కింద పెట్టింది. "ఉద్యోగానికా. ఆ మాట ముందు చెప్పొద్దూ," అని కొంగు దోపుకుని విడిదికి దారి తీసింది.

నేను కాలేజీలో తర్కశాస్త్రం చదివాను. ఎట్లా మొదలుపెట్టి ఎట్లా ముగించాలో దారి పొడుగునా కూర్చుకున్నాను. తీరా పెళ్ళికొడుకు తల్లి ఎదురుపడేసరికి, "మీ అబ్బాయి మా ఆయన లాగు వేసుకున్నాడండీ," అన్నది ఒక్కటే నోట్లోంచి వచ్చింది.

ఆవిడ విసనకర్ర ఆపి నన్ను మూలకు లాగింది. "మెల్లగా తల్లీ. ఆడపెళ్ళివారు పక్కగదిలోనే ఉన్నారు. మావాడు నడికుడిలో రైలు ఉద్యోగం చేస్తాడంటే, దొరల్లాగా సూటేస్తాడా అని అడిగినారు. ఏస్తాడన్నా. ఇప్పుడు నువ్వొచ్చి లాగు ఊడదీయమంటే ఎట్టా?"

"మరి మా ఆయన ఉద్యోగమండీ."

ఆవిడ తలుపు సందులోంచి పక్కగదిలోకి తొంగిచూసి వచ్చింది. "ముహూర్తానికి ఎటూ మధుపర్కాలే గదా. ఫోటో తీసిందాకా కూర్చో. తరవాత నా చేత్తో మూటగట్టి ఇస్తా."

ఫోటో తీసే ఆయన నల్లగుడ్డలో తల దూర్చి ఎంతకీ బయటికి రాడు. పొద్దు వాలిపోతోంది. ఈలోగా ఆడవాళ్ళు పెళ్ళికొడుక్కి గంధం పూయడానికి బయలుదేరారు. "ముఖానికి పూయండి, కోటుకు తగలనీయకండి," అంటూ వాళ్ళ చేతుల మధ్యకు వెళ్ళాను. పన్నీరుబుడ్డి పట్టుకున్నావిడను రెండుసార్లు వెనక్కి నెట్టాను.

"ఎవరే ఆమె?" అని అడిగింది ఒకావిడ.

"పెళ్ళికొడుకు అక్కయ్యుంటుంది. తమ్ముడంటే ప్రాణంలాగుంది."

పెళ్ళికొడుకు నా వైపు వంగి గుసగుసగా, "అక్కా, నువ్వు పొద్దుననే మా ఊరొచ్చుంటే రైలెక్కకముందే ఇచ్చేసేవాణ్ణి. లోపల ఉడికిపోతున్నా," అన్నాడు.

చివరికి సూటు బుట్టలో, పైన కరివేపాకుతో ఇల్లు చేరింది. కోటు ఎడమ రొమ్మున మూడు గంధపు వేళ్ళు, మెడ దగ్గర పన్నీరు. తడిగుడ్డతో తుడిస్తే మూడు వేళ్ళూ కలిసి అరచేయి అయింది. అయినా ఆముదపు చెవి కంటే ఇదే నయమనుకున్నాను.

తెల్లవారి కోటును చిలక్కొయ్యకు తగిలించి, గంధమున్న వైపు గోడకు తిప్పి నిలబడ్డాను. ఆయన స్నానం చేసి ఖద్దరు పంచె, లాల్చీతో బయటికి వచ్చారు.

"సూటు తీసిపెట్టాను," అన్నాను.

"వద్దులేవే. నిన్న ఆ పెళ్ళికొడుకును చూసినప్పటినుంచీ అనుకుంటున్నా. అది తొడుక్కుని పోతే మిల్లువాళ్ళు బాజాలెక్కడ అని అడుగుతారు. ప్లీడర్లే ఖద్దరుకు దిగుతున్నారు. ఆ యజమానీ పంచెలోనే కూర్చుంటాడంట. సూటు ఇంక పెళ్ళిళ్ళకే."

"ఈ ముక్క నిన్న మధ్యాహ్నం అనకూడదా మీరు?"

"నిన్న ఏమైంది?"

"ఏం కాలేదు. బస్సుకు వేళవుతోంది."

పంచె కుచ్చెళ్ళు సర్దుకుంటూ వెళ్ళిపోయారు. ఉద్యోగం వచ్చిందని సాయంత్రానికి తెలిసింది గాని, ఆ పొద్దున నాకు తెలియదు. సూటు లేకుండా పంపినందుకు ఒకసారి, సూటు కోసం అంత రభస చేసినందుకు ఒకసారి నన్ను నేను తిట్టుకుంటూ పొయ్యి దగ్గర కూర్చున్నాను.

పిల్లలు లేచి వచ్చారు. పెద్దది చిలక్కొయ్య దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చింది.

"అమ్మా, నాన్న కోటుకు గంధం ఎవరు పూశారు?"

చిన్నది అప్పటికే దాన్ని కిందికి లాగుతోంది. ఇద్దరినీ చెరొక మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాను. నాన్న కోటు నిన్న పెళ్ళికి వెళ్ళి వచ్చిందని, బాగా అలిసిపోయి ఉందని చెప్పాను. నాన్న నవ్వుతూ వచ్చేదాకా దాని మాట ఎత్తవద్దని, మూతి ముడుచుకుని వస్తే అసలే ఎత్తవద్దని చెప్పాను.