పడవ మీద అన్నయ్య పేరు

నేవీలో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఓడకి ఉన్నది రెండోసారి పెట్టిన పేరు. అంతకు ముందు అదే పేరున్న ఓడ యుద్ధంలో మునిగిపోయింది. చాలా ఏళ్లకి కొత్త ఓడ కట్టి పాత పేరే ఇచ్చారు. లోపలికి అడుగుపెట్టగానే గోడ మీద పాత ఓడ ఫోటో, దాంతో పాటు పోయినవాళ్ల పేర్లు చెక్కిన ఇత్తడి పలక కనిపించేవి. ఆ రోజు బతికి బయటపడ్డ ముసలివాళ్లు అప్పుడప్పుడు చూడ్డానికొచ్చి, మా భుజాలు తట్టి, "మా ఓడ ఎలా ఉంది?" అని అడిగేవారు. ఆ 'మా' అన్న మాటకి నా ఒళ్లు పులకరించేది. ఓడ పోయినా పేరు పోకూడదని మాకు నేర్పారు. నాకది బాగా తలకెక్కింది.

తొంభైల చివర్లో ఒక తుఫానుకి, పడవ మీద చేపల వేటకెళ్లిన అన్నయ్య తిరిగి రాలేదు. ఆ పడవ మీద నాన్న రాయించింది అన్నయ్య పేరే. పడవ చెక్కలు బారువ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అన్నయ్య మాత్రం రాలేదు.

కొన్నాళ్లకి వదిన తమ్ముడు వేటకెళ్లడానికి ఒక ఫైబర్ పడవ కొన్నాం. సెలవు మీద వచ్చిన నేను తగుదునమ్మా అని ముందుకొచ్చి, దాని మీద అన్నయ్య పేరే రాయించాలన్నాను. పెదనాన్న ఒప్పుకోలేదు.

"సముద్రం తినేసిన పేరు మళ్లీ నీళ్ల మీదెడతావేట్రా? ఎవులైనా సేత్తారా అలాగ?"

"మా నేవీలో సేత్తారు పెదనాన్నా. పేరు సచ్చిపోకూడదని మళ్లీ ఎడతారు."

తెల్ల యూనిఫాం వేసుకునేవాడు చెబుతుంటే ఇంక ఎదురేముంది, అందరూ తలూపారు. టెక్కలి నుంచి పెయింటర్ని పిలిపించి ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు రాయించాను. కొబ్బరికాయ నేనే కొట్టాను. భర్త పోయినవాళ్లు శుభకార్యానికి ముందుకి రాకూడదని వదిన వలల కుప్ప వెనకే నిలబడింది.

నేవీలో కొత్త ఓడకి పేరు పెట్టేది ఒక ఆడమనిషి. కొబ్బరికాయ కొట్టేదీ ఆవిడే. ఆ వేడుక కళ్లారా చూసినవాణ్ని, వదినని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. నా గొప్పలో నేనున్నాను.

మా ఒడ్డున, వేట నుంచి వచ్చే పడవ కనిపిస్తే ఎవరో ఒకరు దాని పేరు పెట్టి కేకేస్తారు. మనిషి పేరున్న పడవని మనిషిలాగే అంటారు. మర్నాడు నేను అరుగు మీద కూర్చుని ఉండగా కేక వినబడింది. ముందు అన్నయ్య పేరు, వెనకే "ఒచ్చినాడు!" అని. వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్న వదిన, చేతిలోవి కింద పడేసి ఒడ్డు వైపు పరుగెత్తింది. నాలుగడుగులేసి ఆగిపోయింది. వెనక్కొచ్చి, కూర్చుని, పడినవి ఏరుకుంది. నా వైపు చూడలేదు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

తర్వాతి సెలవుల్లోనూ అంతే. పరుగు మానేసింది గానీ, కేక వినగానే చేస్తున్న పని ఆపి లేచి నిలబడేది. ఆ లేవడం చూసినప్పుడల్లా నన్ను నేను తిట్టుకునేవాణ్ని. ఓడలో నిద్రపట్టనప్పుడూ అదే గుర్తొచ్చేది. చివరికి ఒకసారి ఉండబట్టలేక అనేశాను.

"వదినా, ఆ పేరు తుడిపించేత్తాను. తప్పు నాదే. అమ్మోరి పేరు రాయిద్దాం."

ఈసారి వదిన నా వైపు చూసింది.

"అది పడవని నాకు తెల్దా బాబూ? తెలిసే లెగుత్తాను. మొగుడి పేరు అనకూడదని, కాపరం సేసినన్నాళ్లూ ఆ పేరు నా నోటితో అననేదు. ఆయన పోనాక, నేనేడుత్తానని ఈ ఇంట్లో ఎవులూ ఎత్తరు. ఆ ఒడ్డునే అంటన్నారు. అదీ తుడిసేత్తావా?"

అన్నయ్య పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో అతని పేరు ఎత్తనివాళ్లలో మొదటివాణ్ని నేనే.