అత్తమ్మ చేతి ఉప్పు

మా అత్తమ్మకు బీపీ ఉందని తెలిసి తొమ్మిదేళ్లయింది. మొదటిసారి చూసినప్పుడు పై అంకె నూట యాభై. రెండు మూడేళ్లకు నూట అరవై, ఆ తర్వాత నూట డెబ్భై. ఒక మాత్ర రెండు మాత్రలైంది. ఇంత నెమ్మదిగా పెరిగే జబ్బుతో చిక్కేమిటంటే, అది ఏ ఒక్క రోజూ మనల్ని భయపెట్టదు. ఆమె కళ్లు తిరిగి పడిపోలేదు, ఒక్క పూట వంట మానలేదు. తెల్లవారుజామునే లేచి వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే మనిషిని చూసి రోగి అని ఎవరనుకుంటారు? నేను కూడా అనుకోలేదు.

మాది మహారాష్ట్ర అంచున సిరొంచలో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మామయ్య గల్లా దగ్గర, అత్తమ్మ పొయ్యి దగ్గర, నా భర్త సరుకుల కోసం మంచిర్యాల, చంద్రాపూర్ దారుల్లో ఉంటారు. నేను పొద్దున్నే బస్సెక్కి బామ్ని పోయి, అక్కడి బడిలో పిల్లలకు మరాఠీలో లెక్కలు చెప్పి సాయంత్రానికి తిరిగి వస్తాను. నా పుట్టిల్లు ప్రాణహిత నది అవతల చెన్నూరు. వంతెన లేని రోజుల్లో పడవ మీద ఈ ఇంటికి కోడలిగా వచ్చాను.

వచ్చిన రోజున ఈ ఇంటి పప్పు తిని రెండు చెంబుల నీళ్లు తాగాను. అంత ఉప్పు. కొత్త కోడలిని కాబట్టి కిక్కురుమనలేదు. ఆరు నెలలు గడిచేసరికి అదే పప్పు కమ్మగా ఉందనిపించింది. ఏడాదికి పుట్టింటికి పోయి, కూరలో ఉప్పే లేదేమిటని అమ్మ మీద విసుక్కున్నాను. అమ్మ చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. మారింది నా నాలుక, అమ్మ కూర కాదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

దవాఖానలో డాక్టరు మరాఠీ ఆయన. పోయినప్పుడల్లా చీటీ రాస్తూ తల ఎత్తకుండానే "మీఠ్ కమీ కరా" అనేవాడు, ఉప్పు తగ్గించమని. అత్తమ్మ బుద్ధిగా "హో" అనేది, అట్లాగేనని. ఉప్పు ఎంత తింటారని ఒకసారి అడిగితే అందరూ తిన్నంతే తింటానని చెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు. మా ఇంట్లో అందరం తిన్నంతే తింటుంది.

ఆమె మొండి మనిషేం కాదు, చెప్పిన మాట వింది కూడా. మామిడికాయ తొక్కు లేకుండా ముద్ద దిగని మనిషి తొక్కు జాడీని అటకెక్కించింది. అప్పడాలు మానేసింది. మజ్జిగలో ఉప్పు వేసుకోవడం మానేసింది. నేను ఇంటికి బీపీ మిషన్ కొనుక్కొస్తే పొద్దున్నే చెయ్యి చాపి బుద్ధిగా కూర్చునేది. ఇన్ని మానుకున్నా అంకె దిగిరాకపోయేసరికి మిషన్ ఖరాబైందని తేల్చింది. నేను మిషన్ మార్చాను. కొత్తదీ అదే చెప్పింది. ఇక నేనే పరేషాన్ అయ్యాను.

కూరల్లో ఎంత వేస్తుందో మాత్రం ఎవరూ చూడలేదు. ఈ ఇంట్లో వండేవాళ్లు రుచి చూడరు. ముందు గూట్లో దేవుడికి చూపించాలి, తర్వాత మామయ్య తినాలి, ఆ తర్వాతే ఆడవాళ్లం. ఉప్పు వేయడమంతా చేతి అంచనా. నలభై ఏళ్లకు పైగా వండిన చెయ్యి, దానికి గరిటె కొలతలు చెప్పే ధైర్యం నాకు లేదు. పొయ్యి నాకిమ్మని ఒకసారి అడిగాను. "నేను మంచిగున్నప్పుడు నీకెందుకు?" అని నవ్వి పంపేసింది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో అసలు సంగతి నా కంటబడింది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండను, ఆదివారాలు పెరట్లో బట్టల పనిలో ఉంటాను, సెలవులకు చెన్నూరు పోతాను; ఆ ఏడు పోలేదు. సాయంత్రం మామయ్యకు జొన్నరొట్టె, పాలు చాలు. అందుకని ఆయన అన్నం తినడం నేను సరిగ్గా చూసిందే లేదు. ఆ రోజు అత్తమ్మ వడ్డించింది. పళ్లెంలో పప్పు పడిందో లేదో, ముద్ద కూడా కలపకముందే, మామయ్య పక్కనున్న గిన్నెలోంచి ఉప్పు తీసి అన్నం మీద చల్లుకున్నారు. మర్నాడూ అంతే. వంకాయ కూరైనా, పచ్చిపులుసైనా, నోట్లో పెట్టుకోకముందే ఉప్పు. అత్తమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఆయన వేళ్లనే చూస్తోంది.

సాయంత్రం చాటలో బియ్యం ఏరుతూ అత్తమ్మే ఆ మాట ఎత్తింది. "ఎంతేసినా మీ మామకు సాలదు బిడ్డా. నా చేతిలనే ఏదో తక్కువున్నది." రేపు ఇంకో చిటికెడు వేసి చూస్తానంది.

పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, ఈ లెక్క ఇన్నేళ్లూ మా ఇంట్లోనే జరుగుతున్నా నాకు కనబడలేదు. ఆయన చల్లుకోవడం చూసి ఆమె కూరలో కాస్త పెంచుతుంది. పెంచినా ఆయన చల్లుకుంటారు. ఇంకాస్త పెంచుతుంది. పెరిగింది ఎవరికీ తెలియదు, ఎందుకంటే మా నాలుకలు కూడా దాంతోపాటే మారుతూ వచ్చాయి. ఆ కూర అందరికంటే ఆఖర్న, గిన్నె అడుగున మిగిలిన పులుసుతో సహా ఊడ్చుకుని తినేది ఆమే.

మర్నాడు మధ్యాహ్నం ఎండకు దుకాణంలో గిరాకీ లేదు. మామయ్య ఒక్కరే గోనెసంచులు మడత పెడుతున్నారు. రుచి చూడకుండా ఉప్పెందుకు వేసుకుంటారని అడిగాను. మొదట అలవాటన్నారు. నేను కదలకుండా నిలబడేసరికి చేతిలో సంచి పక్కన పెట్టి, పెళ్లైన కొత్తలో జరిగిన ఒక సంగతి చెప్పారు.

దుకాణానికి చంద్రాపూర్ నుంచి వ్యాపారులు వచ్చారట. వాళ్లను భోజనానికి కూర్చోబెట్టారు. అప్పటికి కొత్త కోడలైన అత్తమ్మ హడావుడిలో పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. మామయ్య వాళ్ల నాయన అందరి ముందూ పళ్లెం తోసేసి, ఇట్లాంటి ఆడదానితో ఇల్లు గడుస్తుందా అని అరిచారట. ఆమె తలుపు వెనక నిలబడి ఏడ్చింది. సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఇరవై ఏళ్ల మామయ్యకు నాయన ముందు నోరు పెగల్లేదు. మర్నాటి నుంచి అన్నం పెట్టగానే ముందు ఉప్పు చల్లుకోవడం మొదలుపెట్టారు.

"రుచి సూసి ఏసుకుంటే తక్కువైందని జెప్పినట్టయితది గద బిడ్డా. సూడకముందే ఏసుకుంటే కూరల ఉందో లేదో ఎవ్వలకు తెల్వది."

నాకు ఆయన మీద కోపమొచ్చింది, అంతకంటే ఎక్కువ ప్రేమా కలిగింది. భార్యను ఒక మాట పడనివ్వకూడదని ఇన్నేళ్లు ఉప్పు తిన్న మనిషిని ఏమని తిట్టాలి? ఆమె బీపీ ఎందుకు దిగడం లేదో నాకు తోచింది తోచినట్టు చెప్పాను. రేపటి నుంచి ఉప్పు గిన్నె ముట్టనన్నారు. అంతటితో పని అయిపోయిందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని!

మర్నాడు ఆయన ఉప్పు తీసుకోలేదు. ఆ మర్నాడూ తీసుకోలేదు. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు తన చెయ్యి కుదిరిందని నాతో చెప్పింది, పక్కింటి ఆమెతో చెప్పింది. కుదిరిన కొలతను ఇక వదులుతుందా? రోజూ సరిగ్గా అంతే ఉప్పు, ఒక్క రవ్వ అటూ ఇటూ కాకుండా వేయసాగింది. మేము పొరపాటు దిద్దబోయి దానికి ముద్ర వేశాం.

జూన్‌లో, బడి ఇంకా తెరవకముందే, దవాఖానకు పోతే పై అంకె నూట డెబ్భై ఎనిమిది. డాక్టరు ఈసారి చీటీ రాయడం ఆపి తల ఎత్తి చూశాడు. మూడో మాత్ర రాసి, నన్ను పక్కకు పిలిచి, ఇలాగే ఉంటే పక్షవాతం రావచ్చని చెప్పాడు. తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో అత్తమ్మ నా చేతిని పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి చచ్చుబడితే ఎలా అనుకున్నాను. దారంతా ఆమె వైపు చూడలేకపోయాను.

ఇంటికి రాగానే మామయ్యతో చెప్పాను. ఊరుకుంటే సరిపోదు, ఉప్పెక్కువైందని మీ నోటితో మీరే చెప్పాలని. నేను చెబితే కోడలు వంకలు పెడుతోందనుకుంటుంది. డాక్టరు చెబితే తొక్కు జాడీని ఇంకా లోపలికి తోస్తుంది. ఆ పప్పు ఎవరి కోసం వండుతోందో ఆయన చెబితేనే ఆమెకు చెవికెక్కుతుంది. ఆయన నేల చూపులు చూశారు. "నలభై ఏండ్లల్ల ఆమె వంటను ఒక్క మాటనలే. ఇప్పుడెట్లంటనమ్మా?"

రెండు రోజులు ఆయన కూర్చున్నారు, తిన్నారు, లేచారు. రెండు రోజులూ నేను గుమ్మంలో నిలబడి ఆయన నోటి వైపే చూశాను. మూడో రోజు ఆదివారం. అత్తమ్మ కందిపప్పు వండింది. మామయ్య ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్ద కలిపి చేతిలోనే ఉంచుకున్నారు.

"పప్పుల ఉప్పెక్కువైంది" అన్నారు, పళ్లెంతో చెబుతున్నట్టు.

అత్తమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఇయ్యాలనేనా?" అని అడిగింది.

అవునంటే పని చెడేది. ఆ మాటే అంటారని నేను భయపడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపారు. చానా ఏళ్ల నుంచీ ఎక్కువేనన్నారు. ఇంకేమీ దాచుకోకుండా వరుసగా చెప్పుకొచ్చారు. రుచి చూడకుండా ఉప్పు ఎందుకు చల్లుకున్నదీ, ఆనాడు తలుపు వెనక ఆమె ఏడుపు తనకు వినిపించిందనీ, మళ్లీ ఎవరూ ఆమెను ఆ మాట అనకూడదనుకున్నాననీ.

అత్తమ్మ కింద కూర్చుంది. ఆయన పళ్లెంలోని పప్పునే చూసింది. ఏడుస్తుందేమోనని నేను ముందుకు అడుగు వేశాను. ఏడవలేదు. అంత ఉప్పు ఇన్నేళ్లు ఎట్లా తిన్నావని అడిగింది.

అప్పుడు ఆమె చెయ్యి చాపి, ఆయన ముందున్న పళ్లెం, ఇక తినొద్దన్నట్టు, తన వైపు లాక్కుంది.

"గాల్లందరి ముందల మీ నాయన అన్నడని ఏడ్సిన. నువ్వు జెప్తే ఎందుకేడుస్తుంటి?"