పక్కింటి స్లాబు మీది చువ్వలు

యూనివర్సిటీలో నేను చాలా ఏండ్లే ఉన్న. పీహెచ్‌డీలు చేసేటోళ్లు వచ్చిండ్రు, చేసిండ్రు, పోయిండ్రు. నేను మాత్రం అక్కడనే. ఏడో తరగతిల బడి మానేసినోన్ని అన్నేండ్లు ఉండనిచ్చేది క్యాంటీన్ ఒక్కటే మరి. హాస్టళ్ల పక్కన మాది ఇడ్లీ, దోశ. పిండి మాత్రం తార్నాకల మా ఇంట్లనే నా భార్య రుబ్బేది.

తెలంగాణ కోసం క్యాంపస్ అట్టుడుకుతున్న రోజులు. ఊరేగింపు ఉన్ననాడు ఇడ్లీలు సరిపోయేటివి కాదు, బంద్ నాడు అమ్ముడే పోయేటివి కాదు. దానికి అలవాటు పడ్డం. కానీ ఆ ఎండాకాలం కరెంటు కోతలు మొదలైనయ్. మధ్యాహ్నం గ్రైండర్ తిరుగుతుంటే ఠక్కున ఆగేది, పప్పు సగం నలిగి కూసునేది. పొద్దున ఇడ్లీ తిన్న పిల్లలు, "కాకా, ఇవి తిననీకా, విసరనీకా?" అని అడిగేటోళ్లు. నవ్విన గానీ, ఇట్లనే నడిస్తే గిరాకీ మొత్తం గేటు బయటి బండ్లకు పోతదని నాకు తెలుసు.

అందుకే ఇంటి మీద సోలార్ పెట్టిద్దామనుకున్న. అప్పటికి మా గల్లీల ఎవరికీ లేదు. బిగించే మనిషి మల్కాజ్‌గిరి నుంచి వచ్చిండు. ఇప్పుడు ఎవరన్న సోలార్ గురించి నన్నడిగితే, ఆయన ఆనాడు నన్నడిగినవే చెప్తా. స్లాబు కారుతున్నదా? కారితే ముందు అది బాగు చేయించాలె, స్టాండ్లు బిగించినంక కింద చెయ్యి పెట్టరాదు. ఏమేం నడపాలె? నేను ఫ్యాన్లు, లైట్లు అన్న. ఆయన గ్రైండర్ దిక్కు చూసి, దాని సంగతేంది అన్నడు. మోటరు మొదలయ్యేటప్పుడు ఎక్కువ గుంజుతదట, ఇన్వర్టర్ దానికి తగ్గట్టు ఉండాలెనట. సోలార్ ప్లేట్లు ఏండ్లకేండ్లు ఉంటయి గానీ బ్యాటరీలు మధ్యల మార్చుకోవాల్సిందే. మెయిన్ రోడ్డు దుమ్ము పడితే కరెంటు తగ్గుతది, ఎండ ముదరకముందే కడుక్కోవాలె.

చివరికి దక్షిణం దిక్కు తిరిగి, ఆ పక్కింటోళ్లు పైన కడతరా అన్నడు. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి పోతడు కాబట్టి ఆ పక్క గోడ లేస్తే నీడ మన మీదనే పడుతదని చెప్పిండు.

ఆ ఇంటోళ్లు గుంటూరు దిక్కు నుంచి వచ్చినోళ్లు. ఇంటాయనది బ్యాంకుల ఉద్యోగం. మా పట్నంల అందరి లెక్కనే వాళ్లు కూడా పిల్లర్ల చువ్వలు కొయ్యకుండా స్లాబు మీద నిలబెట్టి ఉంచిండ్రు, పైసలు కుదిరినప్పుడు పై అంతస్తు లేపుకునేటందుకు. ఉద్యమం మొదలైనంక ఆ మాటే ఎత్తుతలేరు. చువ్వలకు తుప్పు పట్టింది, ఆ ఇంటామె వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసేది. క్యాంటీన్ల పిల్లలేమో రాష్ట్రం రేపో మాపో వస్తదంటున్నరు. తార్నాక చాయ్ హోటల్లనేమో ఆంధ్రోళ్లు ఇండ్లు అమ్ముకొని పోతరట అంటున్నరు. రెండూ కలుపుకొని నేను, "కట్టరు" అన్న.

"అడిగినవా?" అన్నడు సోలార్ ఆయన.

"చూస్తెనే తెలుస్తలేదా?" అన్న.

ప్లేట్లు ఆ ఇంటి దిక్కు పిట్టగోడ పక్కనే బిగించిండు, ఈ పక్క నీళ్ల ట్యాంకు అడ్డమాయె. గ్రైండర్ ఆగకుండా తిరిగింది. ఇడ్లీలు మెత్తగొచ్చినయ్. క్యాంటీన్ల నేను సోలార్ మీద పాఠాలు చెప్పుడు మొదలుపెట్టిన, ఎంఎస్సీ పిల్లలు కూడా ఓపికతోని విన్నరు.

దసరా అయిపోంగనే పక్కింటి ముందు ఇటుకల లారీ ఆగింది. మేస్త్రీలు చువ్వల తుప్పు గీకిండ్రు. చలి మొదలయ్యేసరికి గోడలు లేచినయ్, నీడ వచ్చి సగం ప్లేట్ల మీద కూసున్నది. సగమే కదా అనుకుంటే, ఒక ప్లేటు మీద నీడ పడినా వరుస మొత్తానికి కరెంటు పడిపోతదట. గ్రైండర్ మళ్ల మధ్యలనే ఆగవట్టె.

గోడ కొంచెం తగ్గిస్తరేమో అడుగుదామని పోయిన. కాఫీ ఇచ్చిండ్రు. బిడ్డకు మన యూనివర్సిటీలనే సీటొచ్చిందట, పైన గది ఆమె చదువుకే. ఇగ ఏం తగ్గించమంట? మల్కాజ్‌గిరి ఆయనను మళ్ల పిలిచిన. మా మెట్ల గది మీద ఇనుప స్టాండు వెల్డింగ్ చేసి, ప్లేట్లను దాని మీదికి ఎక్కించిండు. గోడ దాటి ఎండ తగిలింది, పిండి నలిగింది.

తెల్లారి మేడ మీద పక్కింటామె కనపడితే ఊరుకోలేకపోయిన. "మీ పుణ్యాన మా సోలార్‌కు ప్రమోషన్ వచ్చిందమ్మా, ఒక అంతస్తు పైకెక్కింది" అన్న.

ఆమె నవ్వింది. చేతిలో బట్ట దులిపి తాడు మీద వేసింది.

"వదినగారు చెప్పారు లెండి. సోలార్ ఆయన మా సంగతి మిమ్మల్ని అడిగాడట. మీరు గోడ మీంచి మమ్మల్ని ఒక్క మాట అడిగితే ఏం పోయేది అన్నయ్యగారూ? మేం అప్పటికే సామాను సర్దేసుకున్నామనుకున్నారా?"