తుడిచిన గొట్టం

మా అన్న అర్సేనియోకి ముప్పై నాలుగేళ్లు. పుట్టుకలోనే కాళ్లూ చేతులూ వంకర్లు పోయాయి. మాట రాదు, అర్థం మాత్రం అన్నీ అవుతాయి. మా ఊరు కారపెగువాలో అమ్మ ఊయలలు నేసేది. మగ్గం పక్కనే వాడి కుర్చీ. అమ్మ మొత్తం వాడిదే, నాకు మిగిలింది ఆవిడ వీపు. చిన్నప్పుడోసారి కాలు విరిగినట్టు నటించాను. ఒక్కటి తగిలించి బడికి తోలింది.

జనవరిలో అమ్మ పోయింది, మగ్గం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే. నేను అప్పటికే కాలేజీ మానేసి ఉన్నాను కాబట్టి వాడు నా పాలయ్యాడు. స్నానం, గుడ్డలు, తినిపించడం, అన్నీ నేనే. మూడు నెలల్లో నన్ను చూసి ఒక్కసారీ నవ్వలేదు.

మొన్న ఆదివారం అక్క నిమియా బ్యూనస్ ఎయిర్స్ నుంచి దిగింది. పన్నెండేళ్లుగా అక్కడ ముసలివాళ్లకి సేవ చేసే ఉద్యోగం. గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో వాడు పకపకా నవ్వాడు.

"వీణ్ణి నాతో తీసుకెళ్తాను."

"వాడేమన్నా సూట్‌కేసా అక్కా?"

"చదువు మధ్యలో వదిలేసిన మొహానివి. వీణ్ణి మధ్యలో వదలవని ఏంట్రా నమ్మకం?"

లేచి తెరెరే కలిపాను. కొమ్ము గ్లాసులో తేయాకులాంటి ఆకు, చల్లటి నీళ్లు, ఒకటే గొట్టం. చుట్టూ కూర్చున్నవాళ్లంతా దాంతోనే పీలుస్తాం. దానికి మాలో ఎంగిలి లేదు. తుడిచి తాగావంటే ముందు తాగినవాణ్ణి మనిషి కింద లెక్కెయ్యనట్టే.

ముందు అన్నకి పట్టాను. గొట్టం మీద చొంగ జారింది. మళ్లీ నీళ్లు పోసి అక్కకిచ్చాను. ఆవిడ మాట్లాడుతూనే కాగితం రుమాలుతో గొట్టం తుడిచి నోట్లో పెట్టుకుంది.

వాడి నవ్వు ఆగిపోయింది.

ఈగ వాలిందని తుడిచింది లే అన్నా అని సర్దేస్తే సరిపోయేది. నేనలా అనలేదు.

"చూశావా అన్నా? నీ ఎంగిలి ఆవిడకి పనికిరాదు."

అక్క మొహం పాలిపోయింది. "కాదు నాన్నా, పనిలో పడ్డ అలవాటు! నీ చొంగ తుడుస్తూనే కదా నేను పెరిగింది?" గ్లాసు నింపించుకుని తనే పట్టబోయింది. వాడు పళ్లు బిగించాడు.

"నాతో వస్తావా?"

తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం బస్సుకి అక్క ఒక్కతే వెళ్లింది. బస్సు మలుపు తిరగ్గానే వాడు గొంతు చించుకుని ఏడ్చాడు. నేను రాజధానికి చదువుకెళ్లిన రోజు మాత్రం శుభ్రంగా రొట్టె తింటూ కూర్చున్నాడు వీడు.

ఎంతకీ ఊరుకోకపోతే అక్కకి ఫోన్ చేసి, వాడి చెవి దగ్గర పెట్టాను. "నాన్నా" అందో లేదో ఏడుపాగింది. చెయ్యి నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని, కుళ్లుతో చస్తూ నిలబడ్డాను.