నీళ్లు తాగుతవా, మామా

మా మామకు చూపు పోతున్న సంగతి ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది. ఆయన చెప్పలేదు. చెప్పే మనిషి కూడా కాదు. కొలిమి దగ్గర పటకారుతో కర్రు పట్టుకుని, "ఏ రంగొచ్చింది బిడ్డా?" అని అడిగేవాడు. కొత్త కోడలికి పని నేర్పుతున్నాడనుకుని నేను గబగబా జవాబు చెప్పేదాన్ని. ఏడాది దాటినా ఆ ప్రశ్న ఆగలేదు. ఒకరోజు కావాలనే ఊరుకున్నాను. కర్రు మీద రంగులన్నీ వచ్చి పోయాయి. మామ అలాగే పట్టుకుని కూచున్నాడు. ఆ రోజు మొదలైన భయం ఆయన పోయేదాకా నన్ను వదల్లేదు.

ఎందుకంత భయమో చెప్పాలంటే కర్రు సంగతి చెప్పాలి. మా ఊరు చేవెళ్లకూ మొయినాబాదుకూ నడుమ ఉంటుంది. రేగడి కొంచెం, మొరం చెలక ఎక్కువ. నాగలి కొనకు బిగించే ఇనుప ముక్కే కర్రు. నేలను చీల్చేది అదే. మా చెలకల్లో రాయీ మొరమూ కలిసి దాన్ని పది రోజుల్లో మొద్దు చేసేవి. మామూలు కాలంలోనైతే అరిగినదాన్ని కాల్చి సాగగొడితే సరిపోయేది, అది కూడా అరిగిపోతే కొత్తది చేసేవాళ్లం. కానీ అవి జర్మనీ లడాయి రోజులు. కొత్త ఇనుము పట్నంలోనే కరువైంది, ఇక మాకెక్కడిది? ఉన్న కర్రే ఏరువాక నుంచి విత్తనం దాకా నిలవాలి.

మామకు ఆ విద్య తెలుసు. అప్పట్లో బొగ్గుతో నడిచే బస్సు చేవెళ్ల రోడ్డు గుంతల్లో పడి చక్రాల మీది కమాను పట్టీలు విరగ్గొట్టుకునేది. ఆ విరిగిన పట్టీ మంచి ఉక్కు. వేలెడంత ముక్క నరికి, కర్రు కొనకు పెట్టి, ఇసుక చల్లి, రెండూ తెల్లగా మెరిసేదాకా కాల్చి, సమ్మెటతో కొడితే ఒకటైపోతాయి. పటకారు, చిన్న సుత్తి మామవి. తిత్తి ఊదేదీ సమ్మెట కొట్టేదీ నేను. నా పెనిమిటి పట్నంలో ఏదో కార్ఖానాలో పనికి కుదిరాడు. రెండు నెలలకోసారి వచ్చి, అక్కడి కబుర్లు నాలుగు చెప్పి, కడుపునిండా జొన్నరొట్టెలు తిని పోయేవాడు.

ఉక్కు అతికితే సగం పని అయినట్టు. మిగతా సగం నీళ్లది. ఎర్రగా కాల్చి ముంచితే ఉక్కు గట్టిపడుతుంది, కానీ మరీ గట్టిపడి గాజులాగా పెళుసవుతుంది, రాయి తగిలితే పుటుక్కుమంటుంది. అందుకని కొనను మాత్రం ముంచి తీసి, ఇటుక ముక్కతో రుద్ది తెల్లగా చేస్తారు. అప్పుడు వెనక ఉన్న వేడి మెల్లగా కొనకు పాకుతుంది. దానితోపాటు రంగులు పాకుతాయి. మొదట కందిపువ్వు పసుపు, తర్వాత బెల్లం రంగు, ఆ తర్వాత వంకాయపువ్వు, చివరికి నీలం. కొడవలికి పసుపు చాలు. కర్రుకు మాత్రం వంకాయపువ్వు రావాలి, వచ్చిన క్షణంలో మొత్తం ముంచాలి. ముందు ముంచితే విరుగుతుంది, ఆలస్యంగా ముంచితే మెత్తబడి అరుగుతుంది. ఆ రంగు కొన మీద నిలిచేది రెప్పపాటు. దాన్ని చూడలేని కమ్మరి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మేముండే ఇల్లు, కొలిమి పాక, వెనకాల చిన్న చెలక ముక్క, అన్నీ కమ్మరి పని చేసినన్నాళ్లే మావి. భూమి పటేలుది. మొయినాబాదు నుంచి ఒక మంచి కమ్మరిని తెచ్చి పెడతానని పటేలు అప్పటికే రెండుసార్లు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పెద్దవాళ్ల నవ్వుకు ఎంత భయపడాలో మా పుట్టినూరు సురంగల్‌లో మా అవ్వ నాకు చిన్నప్పుడే నేర్పింది.

అందుకని మామా నేనూ ఒక మాట అనుకున్నాం. రైతుల ముందు ఆయన రంగు అడగడు, నేను చెప్పను. వంకాయపువ్వు రాగానే నేను, "మామా, నీళ్లు తాగుతవా?" అని అడగాలి. ఆయన వెంటనే కర్రును తొట్టిలో ముంచి, చుయ్‌మన్న మోత ఆగాక తీరిగ్గా, "జర ఆగి తాగుత బిడ్డా" అనాలి. చూసేవాళ్లకు అది కోడలి మర్యాద. ముసలాయన మీద ఈ పిల్లకు ఎంత ప్రేమ అని వాడకట్టులో ఆడవాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు కూడా. దగ్గు వచ్చి మాట ఆగితే? కంట్లో నలక పడితే? రోజూ ఇవే ఆలోచనలు. రెండేళ్లు అలా గడిచాయి. ఒక్క కర్రూ విరగలేదు.

ఆ ఏడు మిరుగు కార్తె చినుకులు ముందే పడ్డాయి. పటేలు ఎనిమిది నాగళ్ల కర్రులు ఒకేసారి పంపాడు. తెల్లారితే ఏరు పూసి దున్నకం మొదలుపెట్టాలన్నాడు. పొద్దున్నుంచి కొట్టి కొట్టి నా భుజాలు పడిపోయాయి. నాలుగో కర్రో ఐదోదో కొన మీద కందిపువ్వు పసుపు తిరిగింది. అప్పుడే పటేలు మనిషి, ఆయన దగ్గర పెత్తనం చేసే గుమాస్తా, చెమటలు కక్కుతూ పాకలోకి వచ్చి మొద్దు మీద కూచున్నాడు. మా దిక్కు ఇంటికి ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే మాట. నా నోరు నన్నడక్కుండానే అడిగేసింది.

"నీళ్లు తాగుతరా?"

తొట్టిలో చుయ్‌మంది.

నేను 'తాగుతరా' అన్నాను, 'తాగుతవా' అనలేదు. కానీ నలభై ఏళ్లు సమ్మెట మోత విన్న చెవులకు ఆ తేడా ఏం తెలుస్తుంది? మామ కర్రును తీసి బూడిదలో మిగతావాటి పక్కన పడేసి, "జర ఆగి తాగుత బిడ్డా" అన్నాడు. గుమాస్తా నవ్వాడు.

"ముసలోడా, అడిగింది నిన్ను గాదు, నన్ను" అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని. అరవడానికి లేదు. అది పసుపు రంగు మీదే మునిగిందని చెబితే, చూసి ముంచాల్సింది ఆయన కదా అంటాడు. నేను చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను. సగం నీళ్లు అతని ధోవతి మీద పడ్డాయి. మిగతా కర్రులు అయ్యేదాకా అతను కదల్లేదు. చివరికి ఎనిమిదింటినీ ఒకే తాడుతో కట్టించుకుని పోయాడు. బూడిద అంటి అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయి. ఏది పసుపుదో నాకే తెలియదు.

మామకు చెప్పలేదు. చెబితే ఆయన నేరుగా పటేలు ముందుకు పోయి, నాకు కండ్లు కనవడవు అని ఒప్పుకుంటాడు. ఆయన నిజాయితీ అంటే నాకు గౌరవమే, కానీ ఆ రోజు దాని మీద కోపం కూడా వచ్చింది. అన్నం ముద్ద మింగుడుపడలేదు. పెళుసు కర్రు రాయికి తగిలి విరగడం, ఎద్దులు మోకాళ్ల మీద పడడం, పటేలు విరిగిన ముక్కను పట్టుకుని మా గుమ్మంలో నిలబడడం, ఇవే కళ్ల ముందు తిరిగాయి.

మర్నాడు సద్దులు తినే వేళకు ముడిమ్యాల బాటలో ఉన్న పటేలు చెలకకు పోయాను. నడుములో కొంగు కింద ఆకురాయి దోపుకున్నాను. ఇనుము అరగదీసే ఆకురాయి మంచి కర్రు మీద కొరుకుతుంది, పెళుసు కర్రు మీద జారిపోతుంది. అదొక్కటే నాకు తెలిసిన పరీక్ష. జీతగాళ్లు తుమ్మచెట్టు కింద సద్దిమూటలు విప్పుకున్నారు. నాగళ్లు సాళ్లలోనే పడి ఉన్నాయి. ఆడది నాగలి ముట్టుకుంటే వానలు పోతాయని మా దిక్కు గట్టి నమ్మకం. కర్రును కొలిమిలో వంద దెబ్బలు కొట్టవచ్చట, అది నాగలికి బిగిశాక మాత్రం ముట్టకూడదట. ఇదేం న్యాయమని అడిగే ధైర్యం నాకెప్పుడూ లేదు, ఆ రోజు అసలే లేదు.

వంగి వంగి ఒక్కో కర్రు మీద ఆకురాయి ఆనించాను. మొదటిది కొరికింది. రెండోదీ కొరికింది. చెమట కళ్లలోకి దిగుతోంది. ఆరో నాగలి దగ్గర ఆకురాయి సర్రున జారింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. అప్పుడే నా వెనక మనిషి నీడ పడింది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

ఆ నాగలి దున్నే పెద్దాయన. ఆదివారం ఆదివారం చేవెళ్లకు ప్రార్థనకు పోయే మనిషి, ఎవరి జోలికీ పోడు. ఆకురాయిని కొంగు కింద దాచబోయాను.

"తాతా, గీ కర్రుకు నీళ్లు తప్పు వడ్డయి. రాయి దాకితే ఇరుగుతది."

"నీళ్లు తప్పుడేంది? మీ మామ చేతిల తప్పెట్లయితది?"

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"కనవడ్తలేదా ఆయనకు?" అన్నాడు మెల్లగా.

అబద్ధం చెప్పాలని నోరు తెరిచాను కానీ ఏడుపొచ్చింది. ఆయన వంగి ఇనుప కట్టు వదులు చేసి కర్రు ఊడదీశాడు.

"నాగలి ముట్టినవని నాకేం పట్టింపు లేదు గని, పటేలు సూస్తే నీ తోలూ నా తోలూ రెండూ లేస్తయి. జల్ది ఏం జేస్తవో చెయ్" అన్నాడు.

నా అదృష్టం, దానికి కొలిమి అక్కర్లేదు. కర్రు ఇప్పటికే గట్టిపడి ఉంది, కొంచెం మెత్తబడేంత వేడి చాలు. ఆయన చుట్ట ముట్టించుకునే నిప్పుకు రెండు పిడకలు, తుమ్మ ముళ్లు తోడు చేశాడు. నేను కొనను రాతితో రుద్ది తెల్లగా చేసి, వెనక భాగాన్ని నిప్పుల్లో పెట్టి కూచున్నాను. పిడకల వేడి నింపాదిగా పాకుతోంది. పసుపు వచ్చింది. ఇక బెల్లం రంగు రావాలి.

"ఎవరది ఆడ?"

గుమాస్తా గొంతు. గట్టు మీద గొడుగు కనిపించింది. నేను లేచి పరుగెత్తాలనుకున్నాను. లేస్తే మళ్లీ పసుపులోనే ముంచాలి. కూచుంటే దొరికిపోతాను. కదలకుండా కూచున్నాను.

"కమ్మరోళ్ల కోడలు, దొరా. కట్టు వదులైతే నేనే పిలిపించిన" అన్నాడు పెద్దాయన, నాకూ గట్టుకూ మధ్య నిలబడి. ఆయన అబద్ధమాడడం నేను విన్నది అదే మొదలు. గొడుగు ఆగింది. బెల్లం రంగు పాకింది. దాని వెనకాలే వంకాయపువ్వు కొనదాకా వచ్చింది.

"నీళ్లు తాగుతవా, మామా" అన్నాను, అలవాటు కొద్దీ, పైకే.

నా మాట నాకే వినిపించింది. అక్కడ మామ లేడు. ముంచాల్సింది నేనే. పెద్దాయన నీళ్లు తెచ్చుకున్న కుండలో కర్రును దించాను. మోత పెద్దగా వచ్చింది. గట్టు మీది గొడుగు కాసేపు అక్కడే ఉండి, తర్వాత చిల్కూరు వైపు సాగిపోయింది. ఆకురాయి పెట్టి చూస్తే కొరికింది. పెద్దాయన కర్రు బిగించుకుని, మసి కలిసిన ఆ నీళ్లే తాగి, మళ్లీ ఎద్దుల దగ్గరికి పోయాడు.

ఇంటికొచ్చేసరికి మామ పాకలో కూచుని గోడ తడుముతున్నాడు.

"ఆకురాయి ఏది బిడ్డా?"

నా నడుములో ఉంది. తీసి చేతికిచ్చాను. కొత్త ఇనుపపొడి పట్టిన ఆ పళ్లను బొటనవేలితో నిమిరి చూశాడు.

"ఎన్నోదానికి దొరికింది?" అన్నాడు.

"ఆరోదానికి."

"మునిగినంక సమజైంది నాకు, అడిగింది నన్ను గాదని. వాడు కూసున్నడు గదా, ఏం జెయ్యాలె? నిన్నటి సంది పానం పానంలో లేదు."

అంటే ఆయన కూడా నాలాగే అన్నం ముందు ఊరికే కూచున్నాడన్న మాట. ఒక ఇంట్లో ఇద్దరం, ఒకే భయాన్ని ఒకరికొకరం దాచుకున్నాం. నాకు నవ్వు రాలేదు. ఇంత చూసిన మనిషికి కళ్లు లేవంటే ఎవరు నమ్ముతారని మాత్రం అనిపించింది.

ఆ కర్రు ఆ ఏడంతా నిలిచింది. పెద్దాయన ఎవరికీ చెప్పలేదు. కానీ చెబుతాడేమోనన్న భయం నాకు పోలేదు. ఆయన పాక ముందు నుంచి పోతే చాలు, సమ్మెట పట్టు తప్పేది. ఆయన మాత్రం ఒకసారి ఆగి, "బాగున్నవా బిడ్డా" అని అడిగి పోయేవాడు. మంచివాణ్ని అంతకాలం అనుమానించినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

లడాయి ముగిసిన రెండేళ్లకు మామ మంచం పట్టాడు. మాట ముందే పడిపోయింది. ఒక మధ్యాహ్నం ఊపిరి ఎగబోస్తుంటే నా పెనిమిటి చెంబు నా చేతిలో పెట్టి, "నోట్లె నీళ్లు పొయ్యి. అడిగి పొయ్యి" అన్నాడు. అన్నేళ్లు ఆ మాటకు మాకు ఒకటే అర్థం. అది అంటే ఆయన ముంచేస్తాడు, పని ముగిసిపోతుంది. చిన్నపిల్లలాగా భయపడ్డాను. పెనిమిటి మళ్లీ కసిరాడు. చివరికి వంగి ఆయన చెవి దగ్గర అన్నాను.

"నీళ్లు తాగుతవా, మామా?"

ఆయన కుడిచెయ్యి దుప్పటి మీద నుంచి కొంచెం లేచింది. వేళ్లు పటకారు పట్టుకున్నట్టు బిగిశాయి. ఆ చెయ్యి మెల్లగా మంచం పక్కకు, కిందికి దిగింది. పెనిమిటికి ఏమీ అర్థం కాలేదు. నేను ఆయన నోట్లో నీళ్లు పోశాను.

రంగు చూడకుండా నేను ఆయన్ని ఆ మాట అడిగింది అదొక్కసారే.