నర్సమ్మ వంతు

పుస్తకాల సంచి మోయలేక ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని నేను. దానికి శిక్షో ఏమో, అప్పటినుంచి బతుకంతా సంచులే కుడుతున్నాను. ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర చిన్న షట్టర్ షాపు నాది. కంపెనీ బస్సుల సీట్లు, ఆటో కవర్లు, తెగిన బ్యాగులు, పాడైన జిప్పులు, ఇదే పని. చదువు లేదు గానీ, దయ్యాల మీద నమ్మకమూ లేదు. పొద్దున్నే అద్దంలో నా మొహం చూసుకుని కూడా భయపడకుండా గడ్డం గీసుకునేవాణ్ని వేరే దయ్యం ఏం చేస్తుంది?

ఇప్పటికీ నమ్మను. ఈ ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

నా భార్య సుగుణ, ఆమె స్నేహితురాలు నర్సమ్మ ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవారు. ఇద్దరూ యాభై దాటినవాళ్లే. మేముండేది చిట్కుల్‌లో. నర్సమ్మ మా వెనక గల్లీలో కిరాయి గదిలో ఒక్కతే ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు.

షిఫ్టు బస్సులో ఇద్దరూ ఒకే ఫోను మీదకు వంగి వీడియోలు చూసేవారు. నెరిసిన జుట్టుతో, వీపున పెద్ద సంచితో కొండలెక్కే ఆడవాళ్ల వీడియోలు. ఒకరోజు షాపుకొచ్చి, అలాంటి సంచులు రెండు కుట్టమన్నారు.

"ఏందమ్మా, బడికి పోతున్నరా? నేను ఇడిసిపెట్టిన సీటు ఇంక ఖాళీగనే ఉంటది, పోయి కూసోండ్రి" అన్నాను.

"నీ సీట్ల కూసుంటే మేం గూడ ఏడో తరగతిలనే ఆగిపోతం అన్నా" అంది నర్సమ్మ. "మాకు పైకెక్కేది ఉంది. జెర మంచిగ కుట్టు."

టార్పాలిన్ గుడ్డతో కుట్టిచ్చాను. వాటిలో బియ్యం నింపుకుని, కంపెనీ బూట్లు వేసుకుని, సాయంత్రాలు సర్వీసు రోడ్డు వెంట నడిచేవారు. బరువు అలవాటు చేసుకోవడానికట. లారీల వాళ్లు హారన్లు కొట్టేవారు. నేనూ, మా పక్కన చాయ్ బండి పెట్టుకున్న యాదగిరీ, "రేషన్ బియ్యం దొంగలొచ్చిండ్రు" అని అరిచేవాళ్లం. వాళ్లు తల తిప్పేవారు కాదు.

ముందు అనంతగిరి గుట్టలకు పోయివచ్చారు. ఎండకు ముక్కులు నల్లబడి, కాళ్లు బొబ్బలెక్కి దిగారు. ఆ రోజు సుగుణ మొహంలో ఉన్న వెలుగు మా పెళ్లి ఫోటోలో కూడా లేదు.

ఇక్కడ వాళ్ల పని తీరు గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా దాంట్లోనే ఉంది. ప్యాకింగులో ఒక బల్లకు ఇద్దరు. ఒకరు డబ్బా మడిచి గోలీల అట్టలు పెట్టి పక్కకు తోస్తారు, రెండోవాళ్లు కాగితం పెట్టి మూత మూస్తారు. సుగుణ తోసేది, నర్సమ్మ మూసేది. ఏళ్ల తరబడి అదే బల్ల, అదే జోడీ. చివరికి ఇంట్లో కూడా సుగుణ ఏ పనైనా సగం చేసి పక్కకు తోసేది. మిగతాది ఎవరో చేస్తారన్నట్టు.

సంచులు కూడా అట్లాగే సర్దుకున్నారు. గిన్నె, బియ్యం, పప్పు, దుప్పట్లు సుగుణ వంతు. టార్చి, ఇద్దరి వాన కోట్లు, మందులు నర్సమ్మ వంతు. ఆ మందుల్లో సుగుణ పంపు కూడా ఉంది. సుగుణకు దమ్ము. చలిగాలి తగిలినా, ఎత్తు ఎక్కినా ఊపిరాడదు. అప్పుడు ఆ పంపు నోట్లో పెట్టి కొట్టుకోవాలి. తను మతిమరుపు మనిషి కాబట్టి షిఫ్టులో కూడా దాన్ని నర్సమ్మే దాచేది.

సహ్యాద్రి కొండలకు పోవాలనుకున్నారు. ప్రయాణం దగ్గర పడుతుండగా నర్సమ్మ సంచి పట్టీ ఒకటి తెగింది. సర్దిన సంచిని అట్లాగే నా షాపులో పెట్టి పోయింది. రెండు రోజులకు షిఫ్టు బస్సు ఎక్కలేదు. సుగుణ పోయి తలుపు కొడితే తీయలేదు. నర్సమ్మ నిద్రలోనే పోయింది.

దినాలు అయిపోయాక సుగుణ అన్నది: "నర్సమ్మ సూస్తనన్న కొండ నేను సూసొస్త."

"ఒక్కదానివే ఎట్ల పోతవ్? నేనొస్త" అన్నాను.

"నువ్వు రోడ్డు దాటనీకే ఆటో ఎక్కుతవ్. షాపు సూస్కో."

చౌరస్తాలో బస్సెక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఒక్క మనిషికి ఆ సంచి మరీ పెద్దగా కనపడింది.

ఆ తర్వాత ఇల్లు ఎంత ఖాళీ అయిందో చెప్పలేను. కంపెనీ సైరన్ మోగగానే లేచి కూర్చునేవాణ్ని. అన్నం డబ్బా కట్టివ్వడానికి సుగుణ లేదని గుర్తొచ్చి మళ్లీ పడుకునేవాణ్ని. ఇద్దరికి సరిపడా అన్నం వండి, మిగిలింది పొద్దున తినేవాణ్ని. జోకు వేస్తే వినేవాళ్లు లేరు. గోడలు ఎంతకని నవ్వుతాయి?

ఒక మధ్యాహ్నం పని లేక నర్సమ్మ సంచి దించాను. మనిషి లేకపోయినా పట్టీ కుట్టేద్దామని. బరువుగా ఉందని విప్పి చూశాను. టార్చి, మడిచిన వాన కోట్లు రెండు. వాటి కింద, కంపెనీలో జుట్టుకు పెట్టుకునే నీలం టోపీలో మూటగట్టిన సుగుణ పంపు. రెండు ముళ్లు వేసి ఉంది. నర్సమ్మ దేనికైనా రెండు ముళ్లే వేసేది.

సుగుణ తన సగమే సర్దుకుని పోయింది. అలవాటు అది. మిగతా సగం పక్కనున్న మనిషి తెస్తుందని చెయ్యి దానంతటదే అనుకుంది. పక్కన మనిషి లేదు.

ఇంట్లో టీవీ పక్కనుండే పాత పంపు ఎప్పుడో ఖాళీ అయింది. ఫోన్ చేస్తే కలవలేదు. అటువైపు కొండల మీద వానలు పడుతున్నాయని పొద్దున వార్తల్లో చూశాను.

పంపు పట్టుకుని యాదగిరి దగ్గరికి ఉరికాను. వాడు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపి చూశాడు. "నిండుగనే ఉందన్నా. మరి వదినె దగ్గర ఏమున్నది?" అన్నాడు. ఏమీ లేదు.

పోవాలి, ఇంక వేరే దారి లేదు. పంపును మళ్లీ నీలం టోపీలో చుట్టాను. నర్సమ్మ ముడి నాకు రాదు. సీట్లు కుట్టే ఎర్ర మైనం దారంతో చుట్లు తిప్పి కట్టి సంచిలో వేసి, సంచిని కొక్కానికి తగిలించాను. షట్టర్ దించి, తాళం వేసి, ఒక జత బట్టలు తెచ్చుకుందామని ఇంటికి పోయాను. తాళం చెవి నా జేబులోనే ఉంది. యాదగిరి షట్టర్ ముందే తన బండి దగ్గర ఉన్నాడు.

తిరిగొచ్చి షట్టర్ ఎత్తాను. సంచి కొక్కానికే ఉంది. లోపల టార్చి ఉంది. వాన కోటు ఒకటే ఉంది. పంపు లేదు.

యాదగిరీ నేనూ షాపంతా తిరగేశాం. మిషన్ కింద, రెక్సిన్ చుట్టల వెనక, చెత్త బుట్టలో చూశాం. అప్పుడు యాదగిరి సంచి ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేనూ ముట్టుకున్నాను. భుజం పట్టీలు తడిగా, వెచ్చగా ఉన్నాయి. ఎవరో చాలా దూరం మోసి అప్పుడే దించినట్టు. తెగిన పట్టీని నేను కుట్టనే లేదు. అది ముడేసి ఉంది. రెండు ముళ్లు.

యాదగిరి ఆ రోజునుంచి నా షాపు గడప ఎక్కడు. చాయ్ బయట పెట్టి పిలుస్తాడు.

పొద్దుగూకే వేళ తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. సుగుణ. ఎవరింట్లోనో ఆగిందట.

"దమ్ము వచ్చిందా?" అని అడిగాను.

"పైన వానల పట్టుకున్నది. బండ మీద కూసున్న. సచ్చిపోతననుకున్న. ఇప్పుడు మంచిగున్న, పరేషాన్ గాకు" అంది. లైను తెగిపోయింది.

తిరిగొచ్చిన రోజు మంచం మీద సంచి బోర్లించింది. గిన్నె, దుప్పటి, బురద గుడ్డలు, ఒక వాన కోటు పడ్డాయి. చివర్న నీలం టోపీ మూట పడింది. దాని చుట్టూ నా ఎర్ర మైనం దారం. దాని మీద రెండు ముళ్లు.

"ఇదెక్కడిది?" అన్నాను.

"పక్క జేబుల చెయ్యి పెడితే తగిలింది. నువ్వే పెట్టినవనుకున్న."

నేను పెట్టలేదు. ఆమెను బస్సెక్కించిన రోజు ఆ దారం ఇంకా చుట్టలోనే ఉంది. యాదగిరి ఆట పట్టించాడంటే, వాడు చౌరస్తా దాటలేదు. నేను పొరబడ్డానంటే, ఇద్దరం ఒకేలా ఎట్లా పొరబడతాం?

జరిగిందంతా చెప్పాను. సుగుణ అరుస్తుందనుకున్నాను, భయపడుతుందనుకున్నాను. మూటను చేతిలోకి తీసుకుని మంచం మీద కూర్చుంది. అలవాటు కొద్దీ నోరు జారాను.

"సచ్చిపోయిన మనిషి అంత దూరం సంచి మోస్తదానే?"

సుగుణ ఆ ముళ్లను బొటనవేలితో నిమిరింది.

"నేను సగం జేసి తోస్తే, ఇన్నేండ్లు మిగతా సగం అది జేసింది. నడుమల ఎట్ల ఇడిసిపెడ్తది? ఏడో తరగతిల ఇడిసిపెట్టి ఉరికొచ్చినోనివి నువ్వు. అందరు నీ లెక్కనే ఉంటరా?"